లైసెన్సు వచ్చాక ఒంటరిగా కారు తీయడం: శ్రీకాకుళం, విజయనగరం రోడ్లకు సరిపడే ఆరు వారాల సాధన

లైసెన్సు కార్డు పర్సులో పడి నెలలు గడిచినా కారు తాళం ముట్టుకోని వాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: "టెస్టు పాసయ్యాను, కానీ ఒంటరిగా తీయాలంటే కాళ్లు వణుకుతున్నాయి. ఏం చేయాలి?"

ముందు ఒక సంగతి తెలుసుకోండి. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు ముందు, కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు పెడళ్లు ఉంటాయి. నేర్చుకున్న రోజుల్లో మీరు తిప్పింది ఎక్కువగా స్టీరింగే. గట్టి సమయాల్లో క్లచ్ తొక్కింది మాస్టారు. అందుకే సొంత బండి ఎక్కగానే కాలికి ఏమీ తెలియనట్టుంటుంది. ఇది పిరికితనం కాదు, సగం పాఠం మిగిలిపోవడం. ఆ మిగిలిన సగం ఇక్కడ వరుసగా ఇస్తున్నాం.

అన్నిటికీ ఒకటే నియమం: ఒక రోజుకి ఒక కొత్త కష్టం. రోడ్డు కొత్తదైతే వేళ పాతదే ఉండాలి. వేళ కొత్తదైతే, అంటే రాత్రో వానో అయితే, రోడ్డు అలవాటైనదే కావాలి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే గాభరా తప్పదు.

## 1. దేనికి భయమో కాగితం మీద రాయండి

"డ్రైవింగంటే భయం" అంటే దానికి మందు లేదు. "ఎత్తు మీద ఆగితే బండి వెనక్కి జారుతుందేమో" అంటే మందుంది. మామూలుగా బయటపడే భయాలివి:

- జంక్షన్‌లో ఇంజన్ ఆగిపోతే వెనకాల హారన్లు మోగిస్తారు (4వ అంశం)
- ఎడమ పక్క ఎవరికో, దేనికో తగిలేస్తుంది (5వ అంశం)
- సన్న రోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తే ఎటు పోవాలి (7వ అంశం)
- హైవే మీద లారీల మధ్య ఇరుక్కుంటాను (9వ అంశం)

మీ కాగితంలో ఇంకేమైనా ఉంటే అవీ చేర్చి దాచుకోండి. చివర్లో పని పడుతుంది.

## 2. సీటు, అద్దాలు: రెండు నిమిషాల పని

సీటు సరిగా లేకపోతే క్లచ్ ఎప్పటికీ కుదరదు. చాలామంది స్టీరింగ్‌కి అతుక్కుని కూర్చుంటారు. దగ్గరగా ఉంటే బాగా కనిపిస్తుందనుకుంటారు గానీ, ఆ కూర్చోవడంలో మోకాలు పైకి లేచి కాలు మొత్తం ఎత్తి క్లచ్ వదలాల్సొస్తుంది. అప్పుడే కుదుపు.

- క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కొంచెం వంగి ఉండాలి.
- వీపు సీటుకి ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద ఆనాలి.
- గుండెకీ స్టీరింగ్‌కీ మధ్య జానెడు కంటే ఎక్కువే, కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి.
- హెడ్‌రెస్ట్ పై అంచు తల పై అంచుతో సమానంగా ఉండాలి. మెడ దగ్గర ఉంటే దానివల్ల లాభం లేదు.
- లోపలి అద్దంలో వెనక గ్లాసు మొత్తం కనిపించాలి.
- పక్క అద్దాల్లో మీ కారు తలుపు సన్నటి పట్టీలా మాత్రమే కనిపించాలి. తలుపు సగం కనిపిస్తుంటే అద్దాన్ని ఇంకా బయటికి తిప్పండి.

చెప్పుల సంగతి కూడా. హవాయి చెప్పులు బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటాయి. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి, లేదా షూస్.

## 3. తాళం తిప్పే ముందు

బండి చుట్టూ ఒకసారి నడవండి. కింద కుక్కపిల్ల, మేకపిల్ల, పిల్లలు వదిలేసిన సైకిలు ఉన్నాయేమో చూడండి. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద రాసుంటుంది. బండి తిరగకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి. టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే మార్చేయాలి.

లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫోనులో డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ, వీల్ స్పానర్, ఎర్ర త్రికోణం డిక్కీలో ఉన్నాయా, ఒకసారి చూసుకుంటే చాలు.

## 4. మొదటి వారం: ఖాళీ లేఅవుట్, ఒక్క క్లచ్

మన జిల్లాల్లో సాధనకి చోటు కరువు కాదు. ఎచ్చెర్ల పక్క, భోగాపురం పక్క రోడ్లు వేసి ఇళ్లు ఇంకా కట్టని లేఅవుట్లు ఎన్నో ఉన్నాయి. అనుమతి అడిగి ఉదయం ఆరు నుంచి ఏడు దాకా వాడుకోండి. రోజుకి 40 నిమిషాలు చాలు, అలసిపోయాక నేర్చుకునేది ఉండదు.

మొదటి సాధన. సమంగా ఉన్న చోట ఫస్ట్ గేరు వేసి, ఎక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ మాత్రం మెల్లగా వదలండి. ఒక చోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా లేస్తుంది. అదే హాఫ్ క్లచ్. అక్కడ రెండు సెకన్లు కాలు ఆపండి. బండి తనంతట తాను కదులుతుంది. కదిలాకే మిగతాది వదలండి. మళ్లీ ఆపి, మళ్లీ మొదలు. రోజుకి 30 సార్లు. మడమ నేలకి ఆనే ఉండాలి, కదిలేది పాదమే.

ఈ ముప్పై సార్లు విసుగు పుట్టిస్తాయి. అయినా మానకండి. క్లచ్ కాలికి అలవాటైతే కళ్లు రోడ్డు మీద ఉంటాయి, లేకపోతే బుర్ర అంతా పాదం దగ్గరే ఉంటుంది.

రెండో సాధన: ఎత్తు. చెరువు గట్టెక్కే దారో, కల్వర్టు ఎత్తో చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ లాగి ఆపండి. ఫస్ట్ గేరు, కొంచెం ఎక్సిలరేటర్, హాఫ్ క్లచ్. బండి ముందుకు లాగుతున్నట్టు ఒంటికి తెలిశాక హ్యాండ్‌బ్రేక్ దించండి. ముందే దించితే జారుతుంది. లాగుతున్న గుర్తు తెలిసేదాకా ఆగడమే ఇందులో కిటుకు.

మూడో సాధన: ఇంజన్ ఆగితే. కావాలనే క్లచ్ చటుక్కున వదిలి ఆపేయండి. తర్వాత ఈ వరుస: బ్రేకు, క్లచ్ రెండూ తొక్కు, న్యూట్రల్, స్టార్ట్, ఫస్ట్, హాఫ్ క్లచ్. పది సార్లు చేస్తే ఐదారు సెకన్లలో అయిపోతుంది. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆగినా ఇంతే. వెనకున్నాయన హారన్ కొట్టినంత మాత్రాన మీ ఇంజన్ తొందరగా స్టార్టవదు, కొట్టుకోనివ్వండి.

తర్వాతి దశకి వెళ్లే ముందు:

- వరుసగా 20 సార్లు ఇంజన్ ఆగకుండా కదిలించగలగాలి
- ఎత్తు మీద ఒక అడుగు కూడా వెనక్కి జారకూడదు
- గేరు చూడకుండా మార్చగలగాలి

## 5. ఎడమ పక్క అంచనా

డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు కాబట్టి ఎడమ చక్రం ఎక్కడుందో కంటికి దొరకదు. దొరక్క, భయంతో రోడ్డు నడిమికి జరుగుతారు. ఎదురొచ్చేవాళ్లకి అదే ప్రమాదం. దీనికి గుర్తు పెట్టుకోవాలి.

రోడ్డు అంచున తెల్ల గీత ఉన్న చోట, ఎడమ చక్రాలు గీతకి జానెడు దూరంలో ఉండేలా ఆపండి. పక్కనున్నవారు దిగి చూసి సరిచేయాలి. ఇప్పుడు మీ సీట్లోంచి చూస్తే ఆ గీత ముందు అద్దం కింది అంచుని ఒక చోట తాకుతుంది. చాలా చిన్న కార్లలో అది ఇంచుమించు అద్దం నడిమధ్యలోనే ఉంటుంది, అందుకే అంతా ఆశ్చర్యపోతారు. అక్కడ చిన్న టేపు ముక్క అతికించండి. నడిపేటప్పుడు గీత ఆ టేపు దగ్గరుంటే చక్రం అంచుకి జానెడు దూరంలో ఉన్నట్టు. వారం తర్వాత టేపు పీకేయవచ్చు, కంటికి అలవాటైపోతుంది.

తర్వాత ఖాళీ అట్టపెట్టెలు. చిన్న కారు వెడల్పు అద్దాలతో కలిపి రెండు మీటర్లలోపే. రెండు పెట్టెల మధ్య రెండున్నర మీటర్లు వదిలి మెల్లగా దూరండి. రోజుకి కొంచెం తగ్గిస్తూ 2.2 మీటర్ల దాకా రండి. పెట్టె నలిగితే నష్టం లేదు, అదే గోడైతే డెంటింగ్ షెడ్డుకి డబ్బు.

## 6. రివర్స్, పార్కింగ్

రివర్స్‌లో ఎక్సిలరేటర్ అక్కర్లేదు, హాఫ్ క్లచ్ చాలు. కెమెరా ఉన్నా మెడ తిప్పి చూడండి. వెనక్కి వెళ్తూ స్టీరింగ్ తిప్పినప్పుడు బండి ముక్కు ఎదుటి పక్కకి ఊగుతుంది, తగిలేది ఎక్కువగా అక్కడే. మొదటి నెల రెండు కార్ల మధ్య దూర్చాలని చూడకండి. కొంచెం దూరమైనా ఖాళీ చోట పెట్టి నడవండి.

## 7. రెండు, మూడో వారాలు: ఊరి సింగిల్ రోడ్లు

టౌన్ కంటే ముందు పల్లె రోడ్లు చేయమంటాం. బండ్లు తక్కువ, పాఠాలు ఎక్కువ. కానీ ఇక్కడే ఒక పెద్ద తప్పు జరుగుతుంది, అది వివరంగా చెప్పాలి.

ఊళ్ల తారు రోడ్డు చాలాచోట్ల 3.75 మీటర్ల వెడల్పే. మీ కారు ఒక్కటే సగం ఆక్రమిస్తుంది. ఎదురుగా ఆర్టీసీ బస్సో, గడ్డి ట్రాక్టరో వస్తే ఎడమ చక్రాలు మట్టి మార్జిన్‌లోకి దించాల్సిందే. దించే పద్ధతి:

1. బస్సు దూరాన కనిపించగానే వేగం తగ్గించి సెకండ్ గేరుకి రండి. దగ్గరికొచ్చాక కాదు.
2. మార్జిన్ చూడండి. తారుకీ మట్టికీ మధ్య ఎత్తు తేడా ఎంత? బెత్తెడు కంటే ఎక్కువుంటే అక్కడ దించకండి. సమంగా ఉన్నచోట ముందే ఆగి బస్సుని రానివ్వండి.
3. గంటకి 10 కిలోమీటర్ల వేగంలో ఎడమ చక్రాలు రెండే దించండి.
4. బస్సు పోయాక, అదే మెల్లదనంతో స్టీరింగ్ కొద్దిగా తిప్పి ఎక్కండి.

జరిగే తప్పు ఏమిటంటే, 50లో వెళ్తూ ఎడమ చక్రం పొరపాటున జారగానే గాభరాపడి స్టీరింగ్ కుడికి గుంజడం. చక్రం తారు అంచుని రాసుకుంటూ మొదట ఎక్కదు. ఇంకా తిప్పుతారు. ఒక్కసారిగా ఎక్కేసరికి తిప్పిన స్టీరింగ్ బండిని కుడి పక్కకి విసిరేస్తుంది. ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీదికే. చక్రం జారితే జారనివ్వండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ఎక్సిలరేటర్ వదిలి, బండి నడక వేగానికి వచ్చాక ఎక్కించండి.

వానాకాలంలో మార్జిన్ నమ్మకండి, చక్రం దిగబడుతుంది. కాలువ గట్టు మీద అసలే వద్దు. ఎదుటివారికి లైటు వేసి సైగ చేసి, వెడల్పు చోట మీరే ఆగండి.

కోతల కాలంలో ఇంకో సంగతి. వడ్లు, మొక్కజొన్న సగం రోడ్డు మీద ఆరబోస్తారు, కుప్పల చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రి నల్ల టార్పాలిన్ కప్పితే దగ్గరికెళ్లేదాకా కనపడవు. ఉలవ, మినప కట్టె రోడ్డంతా పరిచి బండ్ల చక్రాల కింద నూర్పిస్తారు. దాని మీద బ్రేకు కొడితే జారుతుంది. పైగా కట్టె కారు కిందికి చుట్టుకుని వేడి సైలెన్సరుకి తగిలితే అంటుకుంటుంది. పక్కనుంచి పోయే వీలుంటే అలాగే పోండి. తప్పనిసరైతే మెల్లగా దాటి, కొంచెం దూరాన ఆపి కిందికి వంగి చూసి, ఇంజన్ ఆపాక కర్రతో లాగేయండి.

## 8. నాలుగో వారం: టౌన్

ఆదివారం ఉదయం ఏడింటిలోపు మొదలుపెట్టండి. శ్రీకాకుళంలో అయితే డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్లు, అరసవల్లి రోడ్డు. విజయనగరంలో కోట చుట్టూ, మయూరి జంక్షన్, గంటస్తంభం పక్కలు. ఖాళీగా ఉన్నప్పుడు దారి కంఠస్థం అయితే రద్దీలో చూడాల్సింది మనుషుల్నే. తర్వాత మామూలు రోజు పదకొండింటికి వెళ్లండి. సాయంత్రం ఆరింటి రద్దీ అన్నిటికంటే ఆఖరున. రథసప్తమికి అరసవల్లి వైపు, సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం నడిబొడ్డుకి కారే తీయకండి.

షేర్ ఆటో. ఆటో వెనక వెళ్తున్నప్పుడు ఆటోని కాదు, రోడ్డు పక్క నిలబడ్డ మనిషిని చూడండి. ఆయన చేయి లేచిందంటే ఆటో ఆగుతుంది, సిగ్నల్ ఇవ్వదు, లైటు వెలగొచ్చు వెలగకపోవచ్చు. చేయి లేవగానే మీ కాలు బ్రేకు మీదికి రావాలి. ఈ ఒక్క అలవాటు టౌన్‌లో సగం భయం తీరుస్తుంది.

ఆగిన బస్సు. దిగినవాళ్లు బస్సు ముందునుంచే దాటుతారు. పక్కనుంచి పోతే నడక వేగంలోనే.

రౌండ్ సర్కిల్. ఇప్పటికే తిరుగుతున్నవాళ్లకి, అంటే మీ కుడి నుంచి వచ్చేవాళ్లకి, దారివ్వాలి. అందరూ పాటించరు. అయినా మీరు పాటించి, ఫస్ట్ గేరులో కొద్దికొద్దిగా కదలండి.

రైల్వే గేటు. అవతల మీ బండి పట్టేంత చోటు కనిపించాకే పట్టాలెక్కండి. పట్టాల మీద గేరు మార్చకూడదు. ఫస్ట్‌లో ఎక్కి ఫస్ట్‌లోనే దిగండి.

క్లచ్ మీద కాలు ఆనించి నడపడం టౌన్‌లో అంటుకునే జబ్బు. క్లచ్ ప్లేటు అరిగి కాలిన వాసన వస్తే కారణం అదే. వాడనప్పుడు ఎడమ కాలు పక్కన పెట్టండి.

## 9. ఐదో వారం: హైవే

16వ నంబరు జాతీయ రహదారి మన రెండు జిల్లాల్నీ కలుపుతుంది. శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల దాకా, విజయనగరం వాళ్లు నాతవలస దగ్గర ఎక్కి కొంత దూరం, ఉదయం పూట వెళ్లి రండి. ఫాస్టాగ్‌లో డబ్బుందో లేదో ముందే చూసుకోండి.

సర్వీసు రోడ్డు నుంచి ఎక్కేటప్పుడు భయపడి అంచులో ఆగిపోకండి. ఇండికేటర్ వేసి, అద్దం చూసి, ఒకసారి కుడి భుజం మీదుగా చూసి, వేగం అందుకుని కలవండి. ఎక్కాక ఎడమ లేన్‌లో 60 నుంచి 70 మధ్య చాలు.

ముందు బండికి ఎంత దూరం? అది ఒక స్తంభాన్ని దాటగానే మూడు సెకన్లు లెక్కపెట్టండి. మీరు అక్కడికి ముందే చేరితే దగ్గరగా ఉన్నట్టు. ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, మీరు గమనించి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుంటే:

- 40 వేగంలో ఆగడానికి సుమారు 20 మీటర్లు
- 60లో సుమారు 37
- 80లో సుమారు 57
- 100లో 80 పైనే

తడి రోడ్డు మీద ఇవి ఇంకా బాగా పెరుగుతాయి.

ఓవర్‌టేక్ డివైడరున్న హైవేలో తేలిక, డివైడరు లేని రెండు లేన్ల రోడ్డులోనే కష్టం. 50లో వెళ్లే లారీని మీరు 70లో దాటాలంటే ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో మీరు 160 మీటర్లు, ఎదుటి బండి ఇంకో 160 మీటర్లు వస్తాయి. కాబట్టి 400 మీటర్లు ఖాళీగా కనిపించకపోతే వద్దు. లారీ డ్రైవరు వేసే ఇండికేటర్ "రా" అని అర్థమో, తానే తిరుగుతున్నాడో చెప్పలేం. మీ కంటికి కనిపించిందే లెక్క.

డివైడరు మధ్య ఖాళీలు, పెట్రోలు బంకులు, ఊరి మలుపుల దగ్గర రాంగ్ రూట్‌లో బైకులొస్తాయి, పశువులు అడ్డం పడతాయి. అక్కడ ఎక్సిలరేటర్ మీంచి కాలు తీసి బ్రేకు మీద ఊరికే పెట్టి ఉంచండి.

సాలూరు దాటి సుంకి ఘాట్ మాత్రం మొదటి ఆరు నెలలు వద్దు. వెళ్లాల్సొస్తే ఎక్కే బండికే ముందు దారి, దిగేటప్పుడు ఎక్కిన గేరే.

## 10. ఆరో వారం: రాత్రి, వాన, మంచు

రాత్రికి ముందు అద్దం లోపల, బయట రెండు పక్కలా తుడవండి. ఎదుటి లైట్ల వెలుగు కంట్లో కొట్టడానికి సగం కారణం మురికి అద్దమే. ఎదురుగా ఎవరైనా హై బీమ్‌తో వస్తే లైట్లని చూడకండి. చూపు రోడ్డు ఎడమ అంచు గీత మీద పెట్టి వేగం తగ్గించండి. కోపంతో మీరూ హై బీమ్ వేస్తే ఇద్దరికీ కనిపించదు. వెనక లైటు లేని ట్రాక్టరు తొట్టెలు మన దగ్గర మామూలే, అందుకని మీ లైటు పడే దూరంలో ఆగగలిగే వేగమే మీ వేగం.

వానలో అద్దానికి లోపల ఆవిరి పడితే ఏసీ వేసి గాలి ముందు అద్దం వైపు తిప్పండి, బయటి గాలి వచ్చేలా మీట మార్చండి. గుడ్డతో తుడుస్తూ నడపకండి. తుఫాను రోజుల్లో కాజ్‌వే మీద నీరు పారుతుంటే, రోడ్డు అంచులు కనపడకపోతే, దిగవద్దు. నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకండి, లోపలికి నీరు పీల్చి ఇంజనే పోతుంది. నీళ్లు దాటాక బ్రేకు రెండు మూడు సార్లు మెల్లగా తొక్కి ఆరనివ్వండి.

చలికాలం తెల్లవారుజామున మంచులో లో బీమ్ మాత్రమే. హై బీమ్ వేస్తే ముందు తెల్లగోడ కట్టినట్టుంటుంది. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు మానండి, మీరు ఎటు తిరుగుతున్నారో ఎవరికీ తెలియదు.

## 11. పక్కన ఎవరు కూర్చోవాలి

ఇంట్లో అందరికంటే బాగా నడిపేవారు కాదు, అందరికంటే తక్కువ అరిచేవారు కావాలి. "ఏటా నడపడం, ఆపు ఆపు!" అని పక్కనుంచి కేక పడితే కాలు ఎక్కడ పడుతుందో చెప్పలేం. మాటలు ముందే అనుకోండి: "మెల్లగా", "ఎడమకి", "ఆపు". అంతే. "ఆపు" అనే మాట నిజంగా ఆపాల్సినప్పుడే. మావయ్యగారైనా, అన్నయ్యైనా పాఠం బండి ఆపాకే చెప్పాలని చనువుగా అడగండి. ఈ వారాల్లో వెనక సీట్లో పిల్లలు, పాటలు, ఫోను మాటలు వద్దు.

## 12. మొదటి ఒంటరి ప్రయాణం

పదిసార్లు తిరిగిన దారే ఎంచుకోండి. పది కిలోమీటర్లలోపు, పగటిపూట, అటు చివర పార్కింగ్‌కి చోటు ఉందని తెలిసినదే.

- ఫోను సైలెంట్‌లో, బ్యాగులో
- సీటు బెల్టు, అద్దాలు, హ్యాండ్‌బ్రేక్ దించానా
- ఇంట్లో ఎప్పటికి చేరతానో చెప్పానా
- గాభరా వస్తే ఎడమకి ఆగే చోట్లు రెండు ముందే గుర్తుపెట్టుకున్నానా

హైవే మీద టైరు పంక్చరైతే బ్రేకు గట్టిగా కొట్టకుండా, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఎడమ మార్జిన్‌కి చేర్చండి. నాలుగు ఇండికేటర్లు వేసి, త్రికోణం 50 మీటర్ల వెనక పెట్టి, అందరూ బండి దిగి రోడ్డుకి దూరంగా నిలబడండి. జాతీయ రహదారి సహాయానికి 1033, అంబులెన్సుకి 108, పోలీసుకి 112.

తిరిగొచ్చి బండి ఆపాక ఆ కాగితం తీయండి. పోయిన భయాల మీద గీత కొట్టండి. గీత పడనిదానికి రేపు ఉదయం ఆరింటికి అదే లేఅవుట్.